ఫిజిక్స్, ఏఐ కలిపి చదవొచ్చా? సీఎస్‌ఈ సీటు వదులుకోవడం తెలివైన పనేనా?

ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "ఫిజిక్స్ అంటే ఇష్టం, ఏఐ కూడా నేర్చుకోవాలని ఉంది. నాన్న మాత్రం సీఎస్‌ఈ ఏఐఎంఎల్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. రెండూ కలిపి యూనివర్సిటీలో చదివితే పనికొస్తుందా? ఉద్యోగం సంగతేంటి? లక్ష పైన పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాల్సిందే అంటున్నారు, నిజమేనా? హైదరాబాద్ దాటి పంపరు."

నేను హైదరాబాద్‌లోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు కంప్యుటేషనల్ ఫిజిక్స్ చెప్తాను, ల్యాబ్ కూడా చూస్తాను. అంతకుముందు కొన్నేళ్లు మాదాపూర్‌లో ఒక కంపెనీలో డేటా సైన్స్ పని చేశాను. మా క్లాసు పిల్లల కంటే కూడా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా.

సూటిగా జవాబు: చదవొచ్చు. కానీ ఫిజిక్స్ మెయిన్‌గా ఉండి, ఏఐ దానికి పనిముట్టుగా ఉండే చదువైతేనే. రెండూ సగం సగం చెప్పి వదిలేసే కోర్సైతే వద్దు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తా. నాలుగేళ్లు తిరిగేసరికి ఆఫర్ లెటర్ చేతికి రావడమే మీ ఇంటికి ముఖ్యమైతే, మీ నాన్నగారు చెప్పిందే సరైన దారి. అందులో నామోషీ ఏమీ లేదు. ఇంటి పరిస్థితి నీకు తెలుసు, నాకు తెలీదు.

ఏఐ అంటే కంప్యూటర్ సైన్స్ వాళ్ల సొత్తు, ఫిజిక్స్ వాళ్లు ఈమధ్య పక్క నుంచి వచ్చి చేరారు అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే అలా లేదు. అయస్కాంతంలో ఉండే లెక్కలేనన్ని స్పిన్‌లు, అంటే అణువంత చిన్న అయస్కాంతాలు, పక్కవాటిని బట్టి పైకో కిందకో తిరుగుతాయని చెప్పే ఐసింగ్ మోడల్ 1920ల నాటిది. 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ తరహా లెక్కనే తీసుకుని, స్పిన్‌ల స్థానంలో న్యూరాన్లు పెట్టి (ఇలా కలిపిన న్యూరాన్ల వలనే న్యూరల్ నెట్‌వర్క్ అంటారు), జ్ఞాపకం ఎలా నిలవగలదో చూపించాడు. గుర్తుపెట్టుకోవాల్సిన ప్రతి బొమ్మకీ ఎనర్జీ తక్కువగా ఉండే ఒక స్థితి ఉంటుంది. సగం చెరిగిపోయిన బొమ్మ ఇస్తే నెట్‌వర్క్ తన ఎనర్జీ తగ్గించుకుంటూ పోయి పూర్తి బొమ్మ దగ్గర ఆగుతుంది. తర్వాత 1985లో జెఫ్రీ హింటన్, మరో ఇద్దరు కలిసి ఇందులోకి ఉష్ణోగ్రతను తీసుకొచ్చారు. బోల్ట్‌జ్‌మన్ మెషీన్ అలా వచ్చింది. 2024 ఫిజిక్స్ నోబెల్ హాప్‌ఫీల్డ్, హింటన్‌లకే ఇచ్చారు. హింటన్ డిగ్రీలో చదివింది సైకాలజీ, ఆయనకి ఫిజిక్స్ నోబెల్ ఏంటని మా స్టాఫ్‌రూమ్‌లో బాగానే గొడవైంది. నేను ఇవ్వడమే న్యాయమన్న పక్షం.

నోటితో చెప్తే బొమ్మ గీసిచ్చే ప్రోగ్రాములున్నాయి కదా, వాటి వెనక ఉన్న డిఫ్యూజన్ మోడల్ కూడా 2015లో థర్మోడైనమిక్స్ నుంచి తెచ్చుకున్న ఆలోచనే. బొమ్మలోకి కొద్దికొద్దిగా నాయిస్ కలుపుతూ పోతే చివరికి బొమ్మ ఉండదు, నాయిస్ మిగులుతుంది. ఆ దారిని వెనక్కి నడవడం నెట్‌వర్క్‌కి నేర్పుతారు. చాట్‌బాట్ తర్వాతి మాటని ఎంచుకోవడానికి వాడే సూత్రం, గ్యాస్‌లో ఏ ఎనర్జీ దగ్గర ఎన్ని అణువులు ఉంటాయో చెప్పే బోల్ట్‌జ్‌మన్ సూత్రం పక్కపక్కన రాసి చూస్తే రెండిటిదీ ఒకే ఆకారం. ఇలా కోట్ల అణువుల ప్రవర్తనని సంభావ్యతతో లెక్కగట్టే స్టాటిస్టికల్ మెకానిక్స్ సరిగ్గా చదివిన పిల్ల ఏఐ పేపర్లు తెరిస్తే సగం పాత చుట్టాలే కనిపిస్తారు.

అయితే చరిత్ర బాగుందని ఎవరూ సీటు తీసుకోకూడదు. నేను ఫిజిక్స్ ముందు అనడానికి అసలు కారణం ల్యాబ్.

మా ఫైనలియర్ కుర్రాడు ఒకడు గామా కిరణాలు ఏ ఎనర్జీవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టే గామా స్పెక్ట్రోమీటర్ మీద ప్రాజెక్ట్ చేశాడు. ఒక సోడియం అయోడైడ్ స్ఫటికం, దాని వెనక స్ఫటికంలో వచ్చే మెరుపుని పెద్దది చేసే ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్, అంతే సెటప్. చాలా బలహీనమైన సీజియం-137 రేడియోధార్మిక సోర్స్ దగ్గర్లో ఉందా లేదా అన్నది స్పెక్ట్రమ్ చూసి న్యూరల్ నెట్‌వర్క్ చెప్పగలదా అన్నది ప్రశ్న. సీజియం పీక్ 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. కానీ సోర్స్‌ని దూరంగా పెట్టి, తక్కువసేపు కౌంట్ చేస్తే ఆ పీక్ బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంది, కంటికి ఆనదు. కుర్రాడు ఓపిగ్గా డేటా తీశాడు, ట్రైన్ చేశాడు, టెస్ట్ డేటా మీద దాదాపు ఒక్కటీ తప్పు పోలేదు. మొహం వెలిగిపోతూ ప్రింటవుట్ పట్టుకొచ్చాడు.

అంత బలహీనమైన సోర్స్‌కి అంత మంచి రిజల్ట్ రాకూడదు. కౌంటింగ్‌లో సహజంగా ఉండే హెచ్చుతగ్గులే దానికి అడ్డం పడతాయి. వంద కౌంట్లు వచ్చే చోట పది అటూ ఇటూ అవడం మామూలే. స్పెక్ట్రమ్‌లో ఏ భాగాన్ని చూసి తేలుస్తోందో వెతకమంటే, 662 వైపు అది చూడటమే లేదని తేలింది. 1461 దగ్గర చూస్తోంది. అది పొటాషియం-40 పీక్. గోడల్లో, ఇటుకల్లో, మన ఒంట్లో కూడా ఉంటుంది, సీజియంతో దానికి ఏ సంబంధమూ లేదు. లాగ్‌బుక్ తీయించాను. సోర్స్ లేని రీడింగులన్నీ పొద్దున తీశాడు. సోర్స్ పెట్టినవన్నీ మధ్యాహ్నం భోజనం చేసొచ్చాక. నెల చూస్తే మే. ఆ టైముకి మా ల్యాబ్‌లో ఏసీ ఉన్నా లేనట్టే. వేడికి డిటెక్టర్ గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, మారుతుంది, దాంతో పొటాషియం పీక్ రెండు మూడు ఛానళ్లు పక్కకు జరిగింది. నెట్‌వర్క్ పట్టుకున్నది సీజియంని కాదు, మధ్యాహ్నాన్ని!

గమనించు, ట్రైన్ డేటా, టెస్ట్ డేటా విడివిడిగా పెట్టడం లాంటి జాగ్రత్తలన్నీ అతను పాటించాడు. కానీ టెస్ట్ డేటా కూడా అవే పొద్దుల్లో, అవే మధ్యాహ్నాల్లో తీసిందే, ఇక తప్పు ఎక్కడ బయటపడుతుంది? దాన్ని పట్టించింది ఫిజిక్సే. అన్ని తక్కువ కౌంట్లతో అంత కచ్చితత్వం రాదని తెలియాలి, 1461 ఏంటో తెలియాలి, వేడికి గెయిన్ జరుగుతుందని తెలియాలి. వేళలు కలగలిపి మళ్లీ డేటా తీస్తే రిజల్ట్ నేల మీదకు దిగింది. ప్రాజెక్టుకి మాత్రం ఆ ఏడాది అన్నిటికంటే మంచి మార్కులు వచ్చాయి.

ఇంకోటి నువ్వు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవచ్చు. మీటరు పొడవున్న లోలకానికి చిన్న కోణాల్లో ఆవర్తన కాలం దాదాపు 2.0 సెకన్లు, ఇంటర్ రికార్డులో రాసే ఉంటావు. 20 డిగ్రీల లోపు డేటా మాత్రమే ఇచ్చి ట్రైన్ చేస్తే, కోణాన్ని బట్టి కాలం మారదనే నెట్‌వర్క్ నేర్చుకుంటుంది, ఎందుకంటే 20 డిగ్రీల దగ్గర తేడా ఒక శాతం కూడా ఉండదు. ఇప్పుడు దాన్ని 90 డిగ్రీల సంగతి అడుగు. 2.0 అనే అంటుంది. అసలు విలువ దాదాపు 2.37, అంటే 18 శాతం ఎక్కువ. 180కి దగ్గరయ్యే కొద్దీ కాలం అంతు లేకుండా పెరుగుతుంది. చూసిన డేటా దాటి బయటకు వెళ్తే నెట్‌వర్క్‌కి ఏమీ తెలియదు, తెలియదన్న సంగతి కూడా చెప్పదు. అందుకే, డేటాకి సరిపోతే చాలదు, అవకలన సమీకరణానికి కూడా లోబడి ఉండాలని నెట్‌వర్క్‌కి షరతు పెట్టే పద్ధతులు వచ్చాయి. 2019 నుంచి ఫిజిక్స్-ఇన్‌ఫార్మ్‌డ్ న్యూరల్ నెట్‌వర్క్స్ అనే పేరుతో ఇవి బాగా ప్రచారంలో ఉన్నాయి. కాకపోతే వాటి మీద జరుగుతున్న హడావుడి అంతా నమ్మకు. టర్బులెన్స్ (గాలి, నీరు సుడులు తిరుగుతూ పారడం) లాంటి మొండి సమస్యల దగ్గర పాత న్యూమరికల్ పద్ధతులే ఇప్పటికీ చాలాసార్లు నెగ్గుతున్నాయి.

ఫిజిక్స్‌లో ఏఐ నిజంగా ఎక్కడ వాడుతున్నారో కొంచెం చెప్తా. జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతిక ప్రయోగశాలలో సెకనుకు దాదాపు 4 కోట్ల సార్లు ప్రోటాన్ల గుంపులు ఒకదాన్నొకటి దాటుతాయి. అంత డేటా దాచుకోవడం ఎవరివల్లా కాదు, ఏది ఉంచాలో ఏది పారేయాలో రెప్పపాటు కంటే ముందే తేల్చాలి. ఆ వడపోతలో, తర్వాత జరిగే విశ్లేషణలో మెషీన్ లెర్నింగ్ ఇప్పుడు రోజువారీ పని. గురుత్వ తరంగాలు పట్టే లైగోలో నాలుగు కిలోమీటర్ల పొడవున్న చేతుల్లో ప్రోటాన్ కంటే వందల రెట్లు చిన్న మార్పుని కొలవాలి. కాబట్టి దొంగ సిగ్నళ్లు కుప్పలుతెప్పలుగా వస్తాయి, వాటిని రకాలుగా విడగొట్టడానికి నెట్‌వర్కులు వాడతారు. నాందేడ్ అవతల హింగోలి జిల్లాలో మన దేశపు లైగోకి 2023లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. నువ్వు చదువు ముగించే నాటికి అక్కడ మనుషులు కావాలి. స్విట్జర్లాండ్‌లో 2022లో టోకమాక్ అనే ఫ్యూజన్ యంత్రం లోపల ప్లాస్మా ఆకారాన్ని అదుపు చేయడానికి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (చేసి చూసి, ఫలితాన్ని బట్టి నేర్చుకునే పద్ధతి) వాడి చూపించారు.

అంత దూరం ఎందుకు, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం నడిచేది అక్కడే. భూకంప తరంగాలు చదివే ఎన్‌జీఆర్ఐ ఉప్పల్ రోడ్డులో ఉంది. ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్ఆర్ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. ఇలాంటి డేటాతో పని చేయాలంటే కోడ్ రాయడం ఒక్కటి సరిపోదు. ఆ అల ఏంటో, ఆ సెన్సర్ దేన్ని కొలుస్తుందో తెలిసినవాళ్లు కావాలి.

ఇక కోర్సుల సంగతి. పేరు చూసి మోసపోకు, సిలబస్ పీడీఎఫ్ దించుకుని చదువు. బ్రోషర్ మీద రోబో బొమ్మ ఎంత పెద్దగా ఉంటే నాకు అనుమానం అంత పెరుగుతుంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మూడూ పూర్తిగా ఉన్నాయా చూడు. క్వాంటమ్, స్టాటిస్టికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్ అన్నీ కుదించి ఒక్క పేపర్లో కుక్కేశారంటే ఆ కోర్సులో ఫిజిక్స్ పేరుకే ఉన్నట్టు. న్యూమరికల్ మెథడ్స్‌కి ల్యాబ్ ఉందా, లేక పరీక్షలో థియరీ రాసేస్తే అయిపోతుందా? చివరి ఏడాది ప్రాజెక్టుకి ఫిజిక్స్ వాళ్లొకరు, కంప్యూటర్స్ వాళ్లొకరు కలిసి గైడ్ చేస్తారా? ఈ చివరి ప్రశ్నకి అడ్మిషన్ కౌంటర్ దగ్గర జవాబు దొరకదు. అక్కడ చదివే సీనియర్లని పట్టుకో.

ఊరు దాటకుండా అంటే, నీకున్న దారులు ఇవి. ప్రవేశ పరీక్షల నియమాలు మారుతుంటాయి కాబట్టి ఈ ఏటి నోటిఫికేషన్ చూసుకో.

నువ్వు అడిగినదానికి బాగా దగ్గరగా ఉన్నది గచ్చిబౌలి ట్రిపుల్ఐటీ. అక్కడ కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో రీసెర్చ్ ఎమ్మెస్ చేసే ఐదేళ్ల డ్యుయల్ డిగ్రీ ఉంది. దానికి యూజీఈఈ అని వాళ్ల పరీక్ష ఉంటుంది. మీ నాన్నగారికి కావాల్సిన సీఎస్‌ఈ పేరు కూడా డిగ్రీ మీద ఉంటుంది, కాబట్టి ఇంట్లో గొడవ తగ్గుతుంది! ఫీజు మాత్రం ఎక్కువ, సీట్లు తక్కువ. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ బీటెక్ ఉంది, 2019 నుంచి ఏఐలో విడిగా బీటెక్ కూడా ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే నేనైతే ఇంజినీరింగ్ ఫిజిక్స్ తీసుకుని ఏఐ పేపర్లు ఎలక్టివ్‌లుగా చదవమంటాను. షామీర్‌పేట వైపు బిట్స్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌తో పాటు ఇంజినీరింగ్ కలిపి చేసే వీలుంది, కానీ రెండో బ్రాంచ్ ఏది వస్తుందన్నది మొదటి ఏడాది మార్కుల మీద ఉంటుంది, ఖర్చు కూడా గట్టిగానే ఉంటుంది.

ఖర్చు తక్కువలో, ఫిజిక్స్ గట్టిగా కావాలంటే నా ఓటు హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి. సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కంప్యూటర్ సైన్స్ స్కూల్ అదే క్యాంపస్‌లో ఉంది. టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ పక్కనే గోపన్‌పల్లిలో ఉంది, సెమినార్లు వినడానికి వెళ్లొచ్చు.

వీటిల్లో ఏదీ రాకపోతే డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్ ద్వారా బీఎస్సీ ఎంపీసీఎస్, అంటే మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. దీన్ని చిన్నచూపు చూడకు. మా ఎమ్మెస్సీలో బాగా చేసే పిల్లల్లో ఆ దారిన వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాకపోతే కాలేజీ చూసి చేరాలి. కొన్నిచోట్ల ల్యాబ్‌లో పరికరాలకు కవర్లు తీయరు, రికార్డులు సీనియర్లవి చూసి దించేస్తారు. చేరేముందు ఒకసారి వెళ్లి ల్యాబ్ చూపించమని అడుగు. తాళం చెవి కోసం ఎంతసేపు వెతికారన్న దాన్ని బట్టి సగం అర్థమైపోతుంది. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీకి ఇక్కడే ఉండాలంటే సీపీగెట్, ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈలోపు నాన్నగారి మనసు మెత్తబడితే తిరుపతిలో ఐసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఉంది, ఐఏటీ అని వాళ్ల పరీక్ష రాయాలి. తిరుపతి ఎంత దూరం, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటారు. ఈ మాట ఆయనకి చెప్పి చూడు.

"ఈఏపీసెట్‌లో సీఎస్‌ఈ సీటు తీసుకుని, ఫిజిక్స్ పక్కన నేనే చదువుకుంటా" అని చాలామంది అంటారు. మొదటి ఏడాది ఒక్క ఫిజిక్స్ పేపర్ అయిపోయాక దాని మొహం మళ్లీ చూసేవాళ్లు అరుదు. అలా నిజంగా చదివి గేట్ (పీజీ, పీహెచ్‌డీలకు పనికొచ్చే జాతీయ పరీక్ష) ఫిజిక్స్ రాసినవాళ్లని చూశాను, కానీ వాళ్లు ఎక్కడ పడేసినా చదివే రకం.

నీకిది సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి సీటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పరీక్షలయ్యాక ఈ ఎండాకాలం ఒక పని చెయ్యి. పైన చెప్పిన ఐసింగ్ మోడల్‌నే పైథాన్‌లో రాయి. 32 × 32 గడులు తీసుకో, మొత్తం 1024. ఒక్కో గడిలో ప్లస్ ఒకటో మైనస్ ఒకటో పెట్టు. ఏదో ఒక గడిని ఎంచుకుని, దాన్ని తిప్పితే ఎనర్జీ (పక్క గడులతో గుర్తు కలిస్తే తక్కువ, కలవకపోతే ఎక్కువ) తగ్గుతుందా చూడు. తగ్గితే తిప్పెయ్యి. పెరిగేటట్టుంటే, పెరుగుదలను ఉష్ణోగ్రతతో భాగించి, మైనస్ గుర్తు పెట్టి, దాని ఎక్స్‌పొనెన్షియల్ ఎంత తక్కువైతే అంత అరుదుగా తిప్పు. ఇదే మెట్రోపోలిస్ పద్ధతి, 1953 నాటిది. ముప్పై నలభై లైన్ల కోడ్. ఉష్ణోగ్రత ఎక్కువ పెడితే తెర మీద అంతా చిందరవందర. తక్కువ పెడితే కాసేపటికి అన్నీ ఒకవైపు తిరుగుతాయి. రెండింటికీ మధ్య 2.269 అనే సంఖ్య దగ్గర స్వభావమే మారిపోతుందని 1944లో ఆన్‌సాగర్ కాగితం మీద కచ్చితంగా రాబట్టాడు. ఆ సంఖ్యని నీ ప్రోగ్రామ్‌లో వెతుకు. గడులు తక్కువ కాబట్టి మార్పు పదునుగా కనిపించదు, అటూ ఇటూ అలుక్కుపోయినట్టు ఉంటుంది. ఎందుకలా అని ఆలోచించు. 2.27 దగ్గరికి రాగానే ప్రోగ్రామ్ మొండికేసినట్టు అనిపిస్తుంది. పెద్ద పెద్ద మచ్చలు ఏర్పడి, కరగడానికి చాలాసేపు తీసుకుంటాయి. కోడ్‌లో తప్పేమీ లేదు, ఆ మచ్చలే అసలు ఫిజిక్స్.

ఆ తర్వాత వేడివి, చల్లవి రెండు రకాల బొమ్మలూ దాచి, చూసి చెప్పమని ఒక చిన్న నెట్‌వర్క్‌కి నేర్పు. 2017లో ఇద్దరు పరిశోధకులు ఇదే పని చేసి ప్రచురిస్తే మంచి పేరొచ్చింది. అది ఎలా తేలుస్తోందో విప్పి చూస్తే, దాదాపుగా ప్లస్‌లు ఎన్ని, మైనస్‌లు ఎన్ని అని లెక్కపెడుతోందంతే, అంటే అయస్కాంతత్వాన్ని తనంతట తనే కనుక్కుంది. ఇప్పుడు చల్లటి బొమ్మల్లో ప్లస్ వైపు తిరిగినవి మాత్రమే ఇచ్చి మళ్లీ ట్రైన్ చేసి, మైనస్ వైపువి చూపించు. తడబడుతుంది. రెండూ ఒకటేనని నీకు సౌష్ఠవం (సిమెట్రీ) వల్ల తెలుసు, దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ పనిలో 2.27 దగ్గర ప్రోగ్రామ్ మొండికేసినప్పుడు నీకు విసుగు కాకుండా కుతూహలం పుడితే, ఫిజిక్స్ మెయిన్‌గా తీసుకో. నెట్‌వర్క్ రిజల్ట్ పెంచడమే సరదాగా ఉండి, ఐసింగ్ సంగతి ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తే సీఎస్‌ఈలో హాయిగా ఉంటావు. ఏ కెరీర్ కౌన్సెలర్ కంటే కూడా ఈ పరీక్షనే నేను నమ్ముతాను.

కోడ్ మొత్తం చాట్‌బాట్‌తో రాయించుకుంటే మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. వాడొద్దనను, మేమూ వాడతాం. కానీ మొన్న ఒకమ్మాయి సూర్యుడి చుట్టూ భూమి తిరిగే ప్రోగ్రామ్ అలా రాయించుకొచ్చింది. ఒక్కో చుట్టుకీ కక్ష్య పెద్దదవుతూ భూమి మెల్లగా జారుకుంటోంది. ఎందుకమ్మా అంటే "గ్రావిటీ తగ్గుతోందేమో సార్" అంది. కదలికని చిన్న చిన్న అడుగులుగా లెక్కగట్టడానికి అందులో వాడింది ఆయిలర్ పద్ధతి, దానికి అడుగడుగునా కాస్త కాస్త ఎనర్జీ పెంచే గుణం ఉంది. అదే పనికి ఇంకో పద్ధతి అయిన వెర్లేకి మార్చగానే భూమి బుద్ధిగా తిరిగింది. మొత్తం ఎనర్జీ ఎంతో ఒక్క లైన్‌లో ప్రింట్ చేసి చూస్తే ఆ తప్పు అప్పుడే దొరికేది. చాట్‌బాట్ ఇచ్చినదాన్ని ఇలా నిలదీయడం వస్తే ఎంతైనా వాడుకో.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్తా. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లకి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు సీఎస్‌ఈతో పోలిస్తే నామమాత్రం. కొన్ని కంపెనీల అప్లికేషన్‌లో బీటెక్ అని పెట్టకపోతే పేజీ ముందుకే కదలదు. మొదటి ఉద్యోగం కాస్త ఆలస్యంగా, తెలిసినవాళ్ల రిఫరల్ మీద, చేసిన ప్రాజెక్టు చూపించి వస్తుంది. ఆ ఏడాది రెండేళ్ల టెన్షన్ నీకూ ఉంటుంది, ఇంట్లోవాళ్లకీ ఉంటుంది.

లోపలికి వెళ్లాక కథ మారుతుంది. నేను కంపెనీలో ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవాణ్ని: నీ మోడల్ 95 శాతం కరెక్ట్ అన్నావు, ఆ 95 పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత? వంద శాంపిళ్ల మీద టెస్ట్ చేసి ఉంటే అది రెండు శాతం పైనే ఉంటుంది, అంటే 96 వచ్చిన పక్కవాడి మోడల్ నీ దానికంటే మంచిదని చెప్పడానికి లేదు. ల్యాబ్‌లో ఎర్రర్ బార్లు వేసి వేసి విసిగిన ఫిజిక్స్ పిల్లలు దీనికి తడుముకోరు. అదే పిల్లలకు డేటాబేస్ నుంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ రాదు, కోడ్‌లో మార్పుల చిట్టా ఉంచే గిట్ రాదు, వాళ్లు రాసిన కోడ్ వాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఇవి కాలేజీలో ఎవరూ చెప్పరు. రెండో ఏడాది నుంచే సొంతంగా నేర్చుకోవాలి, పెద్ద కష్టమేమీ కాదు.

చదువు వైపే ఉండిపోవాలనుకుంటే దారి ఇంకా తిన్నగా ఉంటుంది. గేట్‌లో ఫిజిక్స్ పేపర్ ఎప్పటి నుంచో ఉంది, 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ పెట్టారు. పీహెచ్‌డీలో చేరి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000, హెచ్ఆర్ఏ వేరే. ఐటీ జీతంతో పోల్చుకుంటే తక్కువే, కానీ ఇంటి నుంచి డబ్బు అడగక్కర్లేదు. "ఇంకా ఎన్నాళ్లు చదువు?" అని పెళ్లిళ్లలో బంధువులు అడుగుతారు, అమ్మాయిల్ని మరీను. దానికి నా దగ్గర మందు లేదు.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు "నాకు ఫిజిక్స్ ఇష్టం" అనే ఒక్క మాట మీద నిలబడకు. ట్రిపుల్ఐటీ, హెచ్‌సీయూ, ఎంపీసీఎస్ మూడింటి ఫీజులు, ఎన్నేళ్లు, తర్వాత ఏ పరీక్షలు, ఒక కాగితం మీద రాసి ముందు పెట్టు. ఈఏపీసెట్ కూడా రాస్తానని చెప్పు, నిజంగానే రాయి. చేతిలో ఒక సీటు ఉంటే ఆయన కూడా నిదానంగా వింటారు.

ల్యాప్‌టాప్: గేమింగ్ది వద్దు. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న మామూలుది చాలు, పైన చెప్పిన ఐసింగ్ అయితే 8 జీబీలోనూ నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ కావాల్సిన పని చివరి ప్రాజెక్టు దాకా పెద్దగా రాదు, అప్పుడు డిపార్ట్‌మెంట్ సర్వర్ అడగొచ్చు. ఈలోపు బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికేది సరిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్ కొనుక్కుని దాంతోనే ఎమ్మెస్సీ పూర్తి చేసినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. అక్కడ కొంటే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, కీబోర్డ్ మీటలన్నీ పనిచేస్తున్నాయో షాపులోనే చూసుకుని, బిల్లు మీద వారంటీ రాయించుకోండి.